సున్న రాసిన రాత్రులు

నౌపడలో ఎక్కిన పాసింజరు
గుణుపురం చేరేసరికి
పొద్దు వంశధార అవతల పడింది.
నా సంచిలో పదకొండు పేజీల ఫారం,
వంద మార్కులు.
డెబ్భై దాటితే ఐదేళ్ళ డబ్బు.

కొంచాడ హైమవతి, ముప్పై మూడేళ్ళు,
తనే స్కూటీ మీద స్టేషనుకొచ్చింది.
"ఆటోలున్నాయి గానీ సార్,
దారి చెప్పేసరికి తెల్లారిపోద్ది."

కొత్త ప్రయోగశాలంటే
కాలేజీ వెనక పాత ఎరువుల గోడౌను.
గోడలకింకా యూరియా వాసన.
ఒక మైక్రోస్కోపు, అరువుది.
ఒక ఫ్రిజ్. కరెంటు పోతే
అందులోని గాజుగొట్టాలన్నీ చేపల బజారుకి,
సింహాలమ్మ ఐసుపెట్టెలోకి వలస.
కొరమేనుల పక్కన దోమలు.
సింహాలమ్మ అద్దె అడగదు,
"ఏటి సేత్తారమ్మా ఈటిని?" అని మాత్రం
రోజూ అడుగుతుందట.
ఫారంలో 'మౌలిక సదుపాయాలు' అని ఓ గడి ఉంది.
ఐసుపెట్టెకి ఎన్ని మార్కులో
అది తయారుచేసినవాడికి తట్టలేదు.

మొదటి గడి మాత్రం అందరికీ తెలిసిందే:
గత ఐదేళ్ళ ఫలితాలు.
జీడిమొక్క ఇంకా పాలిథిన్ సంచిలోనే ఉంది,
నిరుటి దిగుబడెంతని కాగితం అడుగుతోంది.
నేనూ అడిగాను.
అడగడానికేగా వచ్చాను.

ఆమె అట్ట ఊడిన లాంగ్ నోటుబుక్కు తెచ్చి
నా ముందు పెట్టింది.
కొండవాగు పక్క ఊరు, పశువుల పాక,
దీపం వల, గంటగంటకీ లెక్క.
రాత ఎస్తేరు రైకాది. సొర పిల్ల, కిందటేడే చేరింది.
గుండ్రంగా, పలక మీద దిద్దినట్టు
సున్న. సున్న. సున్న.
పందొమ్మిది రాత్రులు.

"పుస్తకాల్లో ఈ నెలకి ఇక్కడే ఉండాలి సార్. లేవు.
వల చిరిగిందేమోనని మార్చాం. అయినా లేవు.
ఊళ్ళో జ్వరాలు మాత్రం తగ్గలేదు.
మరి కుడుతున్నదెక్కడ?
అది తెలీకే డబ్బడుగుతున్నాం."

నా తొలి గ్రాంటు మీద
మా గురువుగారి స్నేహితుడు సంతకం పెట్టాడు,
టీ చల్లారకముందే.
ఆ యేటి నివేదికలో నాకూ ఒక రాత్రి సున్న వచ్చింది.
సున్న పంపితే రెండో విడత ఆగిపోతుందని
దానికో తోక తగిలించాను.
తొమ్మిదయింది.
ఆ తొమ్మిది ఇంకా ఏదో పట్టికలో బతికే ఉంది.
నలభై మంది దాన్ని ఉటంకించారు.
దోమకి ఆయుష్షు నెల.
దానికి హైమవతి వయసు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు.
అప్పుడూ చెప్పలేదు.
"వాగు దగ్గరికి పోదామా?" అన్నాను.

చీకటి. పేడ వాసన. ఆవు నిట్టూర్పు.
ఎస్తేరు పీట మీద గడియారం చూసుకుంటూ కూర్చుంది,
చలికి తువ్వాలు చెవులకి చుట్టుకుని.
రాయి తగిలి తూలాను,
టార్చి వేశాను.
ఆ పిల్ల సొరలో ఏదో అంది.
హైమవతి నవ్వింది గానీ
నాకు తెలుగులో చెప్పలేదు.

మర్నాడు కాశీనగరంలో రైలాగినప్పుడు
కమిటీ నుంచి ఫోను.
"పట్నం గ్రూపుకి నలభై పేపర్లున్నాయండీ.
ఉన్నది ఒక్కరికే డబ్బు.
కొత్తవాళ్ళతో రిస్కెందుకు?"
సిగ్నల్ లేదన్నాను. ఉంది.
ఎనభై రెండు వేశాను.
చాలుతుందో లేదో తెలీదు.
మిగతా ముగ్గురూ ఆ గోడౌను మెట్టెక్కలేదు.

పర్లాకిమిడి దాటాక
రాత్రి పేజీ ఫొటో వచ్చింది, నేనడిగిందే.
ఎనిమిది నుంచి తొమ్మిది: సున్న.
తొమ్మిది నుంచి పది: రెండు.

రెండు!
పందొమ్మిది రాత్రుల తర్వాత,
నాలాంటివాడికి చూపించుకోడానికి
సరిగ్గా ఆ పూటే దొరికిన రెండు.
పక్కన అదే గుండ్రటి రాత:

"తొ. 9.40. బయటి మనిషి, టార్చి.
ఈ గంట లెక్కలోకి తీసుకోవద్దు."